శనివారం కాళ్ళు మార్చే సారు

పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మూలను సగమే కత్తిరించి, ఆ ముక్కను ప్యాకెట్‌కే వేలాడనివ్వాలి. లేకపోతే ఆ గోరంత ముక్క పోయి సింకు జాలీలో ఇరుక్కుంటుంది. ఈ మాట మా కోడలికి ఏడేళ్ళుగా చెబుతున్నాను. ఆమె ఏడేళ్ళుగా "సరే మామా" అంటోంది. నేను ఏడేళ్ళుగా జాలీలో వేలు పెట్టి ఆ ముక్క తీస్తున్నాను. పోయిన నెల ఒక పొద్దున ఇదే పంచాయితీ నడుస్తుండగా మా తలుపును ఎవరో అరచేత్తో బాదారు. బెల్లు పెట్టుకున్నది దేనికని గొణుక్కుంటూ తీశాను. ఎదురింటి సారు కూతురు. మెడలో ఆఫీసు ట్యాగు ఉంది, కాళ్ళకు చెప్పుల్లేవు.

"పెద్దనాయనా, నాయన పలకడం లేదు," అంది.

వెళ్ళి చూస్తే సారు కుర్చీలోనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో పేపరు. గుండె ఆగిపోయిందని, అప్పటికే చాలాసేపైందని డాక్టరు చెప్పాడు.

నేను ముప్పై ఏళ్ళు లారీ తోలినవాణ్ణి. రోడ్ల మీద చావులు చూశాను, ఇంట్లోనూ చూశాను. ఏడ్వడం, మళ్ళీ అన్నం తినడం రెండూ తెలుసు. కానీ సారు పోయినప్పటి నుంచి నాకు ఏడుపు కంటే భయమే ఎక్కువగా ఉంది. దేనికి భయమో చివరిదాకా చదివినవాళ్ళకు తెలుస్తుంది. మధ్యలో వదిలేసేవాళ్ళు మా కోడలి పార్టీ.

మాది కొండాపూర్‌లో నాలుగంతస్తుల పాత అపార్టుమెంటు. చుట్టూ అద్దాల బిల్డింగులు లేచాక మాది వాటి మధ్య మోకాలెత్తు పిల్లాడిలా మిగిలింది. సారుది కడప జిల్లా, నాది సంగారెడ్డి దిక్కు. ఆయన "ఏమప్పా" అంటే నేను "ఏంది సారూ" అనేవాణ్ణి. ఆయన బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. చెత్త పారేయడానికి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగేవాడని నేనే ఆ పేరు పెట్టాను. అపార్టుమెంటు మొత్తానికి అంటుకుంది.

మొదటిసారి ఆయన మా ఇంటికి వచ్చింది ఒక మే నెల మధ్యాహ్నం. ట్రాన్స్‌ఫార్మర్ పేలి కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. రెండు చేతులతో వెడల్పాటి బుట్ట పట్టుకుని, దాని మీద తడిగుడ్డ కప్పుకుని నిలబడ్డాడు. మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది కదా, వీళ్ళను సాయంత్రం దాకా ఇక్కడ పడుకోనిస్తారా అని అడిగాడు. పిల్లి పిల్లలేమో అనుకున్నాను. గుడ్డ తీస్తే, తువ్వాలు మీద వరసగా పడుకోబెట్టిన ప్లాస్టిక్ మనుషులు. జానెడు ఎత్తున, కీలుకీలుకూ తిరిగే చేతులూ కాళ్ళూ. సైనికులు, ముసుగు వీరులు, రెక్కలవాడు ఒకడు, పులి మొహంవాడు ఒకడు.

ఇంత మంది మగపిల్లలేనా, ఆడపిల్ల ఒక్కతి కూడా లేదా అని ఆట పట్టించాను. ఆయన నవ్వలేదు. "ఉండాది. ఆ మూల, కత్తి పట్టుకున్నామె," అని వేలితో చూపించాడు. వేడికి కాళ్ళు మెత్తబడి వంగితే వీళ్ళు మళ్ళీ నిలబడరని చెప్పి, సాయంత్రం దాకా మా ఫ్యాను కింద నేల మీద వాళ్ళ పక్కనే కూర్చున్నాడు. జ్వరం వచ్చిన పిల్లల పక్కన తల్లి కూర్చున్నట్టు ఉంది. భయపడే మనిషిని చూస్తే నాకు ఆట పట్టించాలనిపిస్తుంది. అది నా రోగం. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

ఆయన పని చేసింది బాలానగర్ వైపు ఒక బొమ్మల కార్ఖానాలో. ప్లాస్టిక్ కరిగించి పోసే ఇనప అచ్చులు నునుపు చేసేవాడు. కొన్నేళ్ళకు కార్ఖానా మూతపడింది. అచ్చులు తుక్కు కింద పోయాయి. అంటే ఆ వీరులు ఇక మళ్ళీ పుట్టరు. అప్పటిదాకా పుట్టినవాళ్ళే మిగిలారు, వాళ్ళు కూడా ఎవరి అటక మీద ఎండిపోతున్నారో, ఏ చెత్తలో ఉన్నారో. ఆయన వెతకడం మొదలుపెట్టాడు. మూసాపేటలో పాత సామాను దుకాణాల వాళ్ళకు ఆయన బాగా తెలుసు. విరిగిన కార్ల కింద నుంచి ఒక చెయ్యి కనబడితే చాలు, మోకాళ్ళ మీద కూర్చుని బుట్టంతా తోడేసేవాడు. అలా నలభై మంది దాకా చేరారు. ఉత్తరం వైపు గదిలో రెండు అద్దాల అల్మారాలు, నల్లటి పరదాలు. ఎండ పడని గది కావాలని ఏరికోరి ఆ ఫ్లాటు కిరాయికి తీసుకున్నాడట.

"ఎండంటే కంటికి కనబడని చెద అప్పా," అనేవాడు.

ఆ గదికి ఎండ రాదనుకున్నాడు పాపం. రెండేళ్ళకు ఎదురుగా అద్దాల ఆఫీసు ఒకటి లేచింది. సాయంత్రం నాలుగింటికి పడమటి సూర్యుడు దాని గోడకు కొట్టుకుని సరిగ్గా ఆయన కిటికీలోకి వచ్చేవాడు. ఉత్తరం నుంచి ఎండ వచ్చే ఊరు ప్రపంచంలో ఇదొక్కటేనని నేను నవ్వాను. సారు పరదా మీద పరదా కుట్టించాడు.

మెల్లగా నన్ను కూడా పనిలో పెట్టుకున్నాడు. పాత ప్లాస్టిక్‌కు చెమట పడుతుందని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. లోపల కలిపిన నూనె ఏళ్ళ తర్వాత బయటికి ఊరుతుంది, పట్టుకుంటే వేళ్ళకు జిగురుగా అంటుతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, మెత్తని బ్రష్షుతో తోమి, నీడలో ఆరబెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం చుట్టి పెట్టకూడదు. మోకాలు బిగుసుకుపోయినవాణ్ణి గుంజకూడదు, వేడినీళ్ళలో కాసేపు ముంచి మెల్లగా తిప్పాలి. "బిగుసుకున్నోణ్ణి గుంజితే ఇరుగుతాడు. వెచ్చగా అడిగితే తిరుగుతాడు," అనేవాడు. ఈ మాట నేను మా ఇంట్లో మా అబ్బాయి మీద కూడా వాడి చూశాను. పని చేసింది.

నా చేతులు లారీ స్టీరింగు తిప్పిన చేతులు. మూడో వారంలోనే ఒక ముసుగువీరుడి బొటనవేలు విరగ్గొట్టాను. ఆ తునక చొక్కా జేబులో వేసుకుని రెండు రోజులు ఆ గది ముఖం చూడలేదు. మూడో రోజు ఆయనే మా ఇంటికొచ్చి, చెయ్యి చాపి, తునక ఇవ్వమన్నాడు. చూసేశాడన్నమాట. తిడతాడనుకున్నాను. బొటనవేలు లేనోడు కత్తి పట్టలేడు గానీ నిలబడగలడు, నువ్వు రా అన్నాడు. నా పని చూసి భయపడకుండా నన్ను మళ్ళీ పిలిచిన మనిషి ఆయనొక్కడే. అప్పటిదాకా నేను ఏదైనా విరగ్గొడితే, ఆ వస్తువు దగ్గరికి మళ్ళీ రానివ్వడం మా వంశంలోనే లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన పని శనివారానిది. మెత్తటి ప్లాస్టిక్ కాళ్ళవాళ్ళు ఎప్పుడూ ఒకే కాలి మీద బరువు వేసి నిలబడితే, ఆ కాలు మెల్లగా వంగిపోతుంది. అందుకని ఒక శనివారం అందరికీ ఎడమ కాలు ముందుకు. మరుసటి శనివారం అందరికీ కుడి కాలు ముందుకు. పొద్దున టిఫిను అయ్యాక మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం దాకా పట్టేది. "నిలబడినోడికి కూడా అలుపుంటాదప్పా," అనేవాడు. ఒక్కొక్కడి నడుము పట్టుకుని, కాలు మార్చి, వేలితో ఒకసారి భుజం తట్టి మళ్ళీ అరలో పెట్టేవాడు.

అందరిలో రెక్కలవాడంటే ఆయనకు ప్రాణం. ఆ కార్ఖానాలో బొమ్మలకు కళ్ళు వేసే పని ఆడవాళ్ళది. సన్న కుంచెతో రెండు చుక్కలు. వాళ్ళలో ఒకామె తర్వాత ఈయన భార్య అయింది. రెక్కలవాడి కళ్ళు ఆమె వేసినవే. ఒక కన్ను సరిగ్గానే ఉంది, రెండోది కాస్త పక్కకు పోయింది. ఆ చుక్క పెట్టేటప్పుడు ఆమె నా దిక్కు చూసింది అని చెప్పి సారు సిగ్గుపడేవాడు. డెబ్బై ఏళ్ళ మనిషి సిగ్గుపడితే చూడడానికి బాగుంటుంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ పక్కచూపు మాత్రం అల్మారాలో ఉంది.

ఆ గదిలో ఆయనకు పులిని చూసినంత భయం ఒకదానికే: కలరా ఉండలు. బట్టల్లో పురుగు పట్టకుండా మనందరం పెట్టుకుంటామే, ఆ తెల్లగోళీలు. ఒకసారి మా గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి, యాడ ఉండాయి అన్నాడు. మా కోడలి పట్టుచీరల మధ్య ఉన్నాయి. ఆ వాసన ప్లాస్టిక్‌ను నాకి నాకి కరిగిస్తుందని, పక్కింటి నుంచి వచ్చినా వద్దని అరగంట పాఠం చెప్పాడు. తన దగ్గర ఒక గాజు సీసాలో చిన్న ప్లాస్టిక్ కారు ఉంది, దాని పైకప్పులోకి ఒక ఉండ సగం దిగబడి అతుక్కుపోయింది. ఎవరికైనా చెప్పాలంటే అదే చూపించేవాడు. మా కోడలు ఆ రోజే ఉండలన్నీ పారేసి వేపాకు పెట్టుకుంది. నా మాట వినని మనిషి ఆయన మాట అంత తొందరగా విన్నదని నాకు కడుపుమంటగా ఉండేది.

ఇవన్నీ బొమ్మల గురించిన భయాలు. ఆయన అసలు భయం వేరే. అది నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. ప్రొద్దుటూరులో ఆయన అన్న ఉండేవాడు. చివరి ఏళ్ళలో చెంచా చేతికిస్తే ఇది దేనికని అడిగేవాడట. సొంత కూతుర్ని ఎవరింటి పిల్లవమ్మా అనేవాడట.

"మా అన్నకు మొదట చిన్న చిన్నవే పోయినాయప్పా. తాళం యాడ పెట్టినాడో గుర్తుండేది కాదు. ఆ తర్వాత తాళమంటే ఏందో గుర్తు లేదు," అన్నాడు. "నాకు అట్ల వస్తే వీళ్ళ సంగతి ఎవురికి తెలుసు? ఎవునికి చెమట పడ్తాది, ఎవుని మోకాలు బిగుస్తాది, అన్నీ ఈడనే ఉండాయి," అని తల మీద వేలు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక శనివారం పరదా తీశాము. అందరూ పోయిన వారం పెట్టినట్టు ఎడమ కాలు ముందుకు పెట్టి నిలబడ్డారు. మూడో అరలో పచ్చ సైనికుడు ఒక్కడే కుడి కాలు ముందుకు పెట్టి ఉన్నాడు. సారు వాణ్ణి చేతిలోకి తీసుకున్నాడు. పోయిన వారం వీణ్ణి మర్చిపోయినామా అని అడిగాడు. ఏమో సారూ అన్నాను. మర్చిపోయి ఉండడు. భుజం తట్టనిదే ఎవణ్ణీ అరలో పెట్టడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ముఖంలో రక్తం చుక్క లేదు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆ రోజు ఒంటిగంట దాటినా పని సగం కూడా కాలేదు. ప్రతివాణ్ణీ రెండుసార్లు చూసి, నా చేత కూడా చూపించి గానీ అరలో పెట్టలేదు.

ఆ మర్నాటి నుంచి ఆయన ప్రతి పనినీ అనుమానించడం మొదలుపెట్టాడు. గ్యాసు కట్టేశానా అని రెండుసార్లు మెట్లు ఎక్కేవాడు. మాట మధ్యలో ఆగి, ఇది నీకు ముందే చెప్పినానా అని నా ముఖంలోకి చూసేవాడు. అలా భయపడుతూ ఉంటే ఉన్న జ్ఞాపకం కూడా చెదిరిపోతుందేమో, నాకేం తెలుసు, నేను అయిదో తరగతి మనిషిని.

పదిరోజులకు అల్మారాలో, కత్తి పట్టుకున్నామె పక్కన, పొగలు కక్కుతున్న టీ గ్లాసు కనబడింది. ఆ గదిలోకి వేడి వస్తువు తెస్తే ఆయన కేకలేసేవాడు. గ్లాసు చూసి కేక వేయలేదు. మెల్లగా తీసి వంటింట్లోకి తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను చేశాడు. వెనక రైలు కూత వినబడుతోంది.

"అప్పా, నేను హఫీజ్‌పేట్ స్టేషన్లో ఉండా. యాడికని బయల్దేరినా నేను?"

అక్కడే కూర్చోమని చెప్పి ఆటో ఎక్కి పోయాను. ప్లాట్‌ఫారం మీద బెంచీకి ఒక చివర, ఇస్త్రీ చొక్కాలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా ఒకటే మాట, కూతురికి చెప్పొద్దని. చెబితే ఆ పిల్ల ఉద్యోగం మాని తనకు కాపలా కూర్చుంటుందట, వీళ్ళందర్నీ అట్టపెట్టెల్లో వేసి అటకెక్కిస్తుందట. చెప్పనని మాటిచ్చాను. ఆటోలో ఆయన నా మణికట్టు పట్టుకుని వదలలేదు.

ఇక కలరా ఉండల రోజు.

నాకు జ్వరం వచ్చి రెండు వారాలు ఆ ఇంటికి పోలేదు. రెండోసారి చూసే మనిషి లేడని ఆ రెండు శనివారాలూ సారు అల్మారా ముట్టలేదన్నాడు. లేచి పోయిన రోజు ఇద్దరం కలిసి పరదా తీశాము. అల్మారా తలుపు తెరవగానే ఆ వాసన ముక్కును కొట్టింది. ప్రతి అరలోనూ మూలకొకటి తెల్లటి ఉండ. రెక్కలవాడి ఎడమ రెక్క మైనంలా మెత్తబడి అరకు అతుక్కుంది. సారు అల్మారా అంచు పట్టుకున్నాడు. ఎవరు పెట్టినారప్పా అన్నాడు, అరవకుండా, గాలి వదిలినట్టు. నా వైపు చూశాడు. కూతురు గది వైపు చూశాడు. ఆ తర్వాత తల దించుకుని తన రెండు అరచేతులు తిప్పి చూసుకోబోయాడు.

నేను ఆ చేతులు పట్టుకున్నాను.

"నేనే వెట్టిన సారూ."

"ఏందీ?"

"ఉండలు నేనే వెట్టిన. నాకు జ్వరం రాకముందు. ఆ సిపాయి కాలు తిప్పింది నేనే, చాయ్ గిలాస నేనే. మీరు పరేషాన్ అయితె చూద్దామని గిట్ల ఆట పట్టించిన. రెక్క కరుగుతదని అనుకోలె."

"హఫీజ్‌పేట్?"

"అదీ నేనే. స్టేషన్ కాడ పాత బొమ్మల దుకాణం వెట్టిండ్రని మీకు చెప్పిన గద. ఊకెనే చెప్పిన. మీరు నిజమనుకొని పోయిండ్రు."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. కనుబొమల మధ్య ముడి మెల్లగా విడిపోయింది.

"అవునప్పా," అన్నాడు. "చెప్తివి. దుకాణమని చెప్తివి. గుర్తొచ్చింది."

తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నన్ను కొట్టాడు. ముసలోడి దెబ్బే గానీ గట్టిగానే తగిలింది. కడప జిల్లాలో ఎన్ని తిట్లు ఉన్నాయో అన్నీ ఆ రోజు విన్నాను. నాకిచ్చి ఉంచిన అల్మారా తాళంచెవి లాక్కుని నన్ను బయటికి పంపాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక కూతురు మా తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే, మా అమ్మ వేసిన కళ్ళు పెద్దనాయనా, మీకు ఆటగా ఉందా అని అడిగి వెళ్ళిపోయింది. మా కోడలు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె అసలే మాట్లాడదు కాబట్టి అది నాకు రెండో రోజు తెలిసింది.

మూడు రోజుల తర్వాత శనివారం. మా బెల్లు మోగింది. సారు నిలబడి ఉన్నాడు, గడ్డం గీసుకుని, కళ్ళు తేటగా.

"రాప్పా. వాళ్ళ కాళ్ళు నొప్పి పెడ్తాంటాయి," అన్నాడు. నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరగకుండా మళ్ళీ అన్నాడు. "నువ్వు ఇంత దొంగ నాయాలివైనందుకు నాకెంత సంతోషంగా ఉండాదో నీకు తెలీదు."

ఆ రోజు ఇద్దరం రెక్కలవాణ్ణి సబ్బునీళ్ళతో తుడిచాము. రెక్క మీద గుంటలు పోలేదు. కళ్ళకు ఏమీ కాలేదు.

ఆ తర్వాత ఆయన బతికింది ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ నవ్వుతూ తిరిగాడు. కళ్ళజోడు కనబడకపోతే నేరుగా మా ఇంటికొచ్చి, తియ్యప్పా దొంగోడా అని చెయ్యి చాపేవాడు. నేను తెల్లముఖం వేసుకుని, వాళ్ళింటికి పోయి, వెతికి, నా జేబులోంచి తీసినట్టు తీసి ఇచ్చేవాణ్ణి. ఒక్కోసారి వెతకడానికి గంట పట్టేది. ఆయన ఇంట్లో లేనప్పుడు, వాళ్ళు మా ఇంట్లో ఉంచే రెండో తాళంచెవితో పోయి గ్యాసు చూసి వచ్చేవాణ్ణి. మధ్యాహ్నం నిద్ర మానేశాను. చెవి ఎప్పుడూ ఎదురు తలుపు మీదే ఉండేది. చెప్పాల్సినవాళ్ళకు చెప్పకుండా ఈ ముసలోడు ఒక్కడే ఎన్నాళ్ళు కాపలా కాస్తాడు, ఏదైనా జరిగితే ఆ పిల్లకు ఏం ముఖం చూపిస్తాను అని రోజూ భయమే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆ పొద్దున ఆమె వచ్చి తలుపు బాదింది.

పదకొండో రోజు కర్మ ముగిశాక ఆమె నాకు అల్మారా తాళంచెవి ఇచ్చింది. శనివారం పని మీకే తెలుసు కదా అంది. రెక్కల సంగతికి ఇప్పుడు కోపం లేదంది. "ఆ గొడవైన రోజు నుంచి నాయన మళ్ళీ నిద్రపోయినాడు పెద్దనాయనా. అంతకుముందు కొన్ని నెలలు నిద్ర లేదు. ఎందుకో నాకు చెప్పలేదు. మీకేమన్నా చెప్పినాడా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. ఆమె చదువుతుంది. ఆయన గుండె దానంతటదే ఆగిందో, నేను ముందే చెప్పి ఉంటే ఎవరైనా పెద్ద డాక్టరు చూసి ఇంకొన్నాళ్ళు నిలబెట్టేవాడో నాకు తెలియదు. అది తెలియకపోవడమే నా భయం.

అమ్మా, పచ్చ సైనికుడి కాలు తిప్పింది నేనే. శుక్రవారం మీ నాయన టీ పెట్టడానికి పోయినప్పుడు తిప్పాను, మర్నాడు ఆయన తికమక పడితే నవ్వుకుందామని. ఆ ముఖం చూశాక నవ్వూ రాలేదు, నిజం చెప్పడానికి నోరూ రాలేదు. నేను చేసిన చిలిపి పని ఆ ఒక్కటే. టీ గ్లాసు నాది కాదు. ఉండలు నేను పెట్టలేదు, ఆయన జీవితమంతా భయపడిన వస్తువును ఆయనే తెచ్చి అరఅరకూ పెట్టుకున్నాడు. హఫీజ్‌పేట్‌లో దుకాణం ఉందని నేనెప్పుడూ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పని మాట ఆయనకు గుర్తొచ్చింది. ఆ క్షణంలో ఆయన ముఖం మీద కనబడిన సంతోషం కంటే భయంకరమైనది నేను ఏ రోడ్డు మీదా చూడలేదు.

ఇంకొకటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. చివరి శనివారం మేమిద్దరం అందరికీ కుడి కాలు ముందుకు పెట్టి, పని ముగించి, పరదా వేసి టీ తాగాము. గ్లాసులు కడిగి వచ్చేసరికి సారు పరదా తీసి, మొదటి అరలో మొదటివాణ్ణి చేతిలోకి తీసుకుని, వాడి ఎడమ కాలు ముందుకు తిప్పుతున్నాడు. మధ్యలో ఆగి నా వైపు చూశాడు.

"ఏమప్పా, ఇప్పుడే చేసినట్టుండాదే?"

"లేదు సారూ. గిప్పుడే షురూ చేసినం," అన్నాను.

ఆయన తలూపి, వాడి భుజం తట్టి అరలో పెట్టాడు. నేను రెండోవాణ్ణి తీసుకున్నాను. భోజనం మాట మరిచి, పొద్దు వాలేదాకా ఇద్దరం కూర్చుని, పొద్దున తిప్పిన నలభై మంది కాళ్ళనూ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పాము.